ఎండాకాలం భారతాలు: హరికథ, రాత్రి నాటకం, తపసు మాను గురించి అందరూ అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ ఎండలు ముదిరే టైముకి నాకు మెసేజీలు మొదలవుతాయి, అన్నా మీ వైపు భారతం ఎప్పుడు, నిప్పులు తొక్కేది ఏ రోజు, పిల్లల్ని తీసుకురావచ్చా అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇదంతా పాత చిత్తూరు జిల్లా సంగతి, అంటే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టక ముందున్న చిత్తూరు. ఇప్పుడు అందులో చాలా ఊళ్ళు తిరుపతి జిల్లాలోకి పోయాయి, కొన్ని అన్నమయ్యలోకి. బోర్డులు మారాయి గానీ భారతం మాత్రం మారలేదు.

భారతం అంటే ఏంటి? గుళ్ళో పుస్తకం పెట్టుకుని చదువుతారా?

చదవడం కాదు, ఆడతారు. మా వైపు "ఆ ఊర్లో భారతం పెట్టారు" అంటే ధర్మరాజుల గుడి దగ్గర జెండా ఎక్కించి, కాపు (చేతికి కట్టుకునే దీక్ష కంకణం) కట్టి, రోజూ మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం నడుపుతున్నారని అర్థం. ఎక్కువ ఊళ్ళల్లో 18 రోజులు. భారతంలో పర్వాలు 18, కురుక్షేత్రం జరిగింది 18 రోజులు, ఆ లెక్క అన్నమాట. స్తోమతని బట్టి తగ్గించుకునే ఊళ్ళూ ఉన్నాయి. ధర్మరాజుల గుడి అని పేరే గానీ లోపల అసలు దేవత ద్రౌపదమ్మ. ఆమెకి మొక్కుకునే వాళ్ళే ఇదంతా చేయిస్తారు. పత్రికల్లో మహాభారత యజ్ఞం, మహాభారత మహోత్సవాలు అని పెద్ద పేర్లు వేస్తారు, ఊర్లో మాత్రం ఎవరూ అట్లా అనరు.

ఇంత ఎండలో ఎందుకు పెడతారు? చలికాలంలో పెట్టుకుంటే హాయిగా ఉంటుంది కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళెవరూ సేద్యం చేసినవాళ్ళు కారని నాకు తెలిసిపోతుంది. పంట ఇంటికొచ్చి, చేలో పని లేక, చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలం ఇదే. తెల్లవార్లూ నాటకం చూసి పొద్దున్నే మడక కట్టాల్సిన పని ఉండదు. ఇంకొకటి, వానలు. విరాటపర్వం చదివించుకుంటే వాన పడుతుందని తెలుగువాళ్ళల్లో పాత నమ్మకం, కరువు సీమలో ఆ నమ్మకానికి ఇంకొంచెం బలం ఎక్కువ. అందుకే వానలకి ముందు పెడతారు. అన్ని ఊళ్ళూ ఒకేసారి పెట్టవు, మార్చి చివర్లో మొదలైతే ఎండలు పోయేదాకా ఏదో ఒక ఊర్లో నడుస్తూనే ఉంటుంది, ఆడి నెలలో (జూలై, ఆగస్టు మధ్య వచ్చే తమిళ నెల) పెట్టే ఊళ్ళు కూడా ఉన్నాయి.

నాకు ఒక్క రోజే లీవు. ఏ రోజు రమ్మంటావు?

అందరూ చివరి రోజు వస్తారు. పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం, ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకుని రాత్రికి బస్సెక్కేస్తారు. నన్నడిగితే అది పెళ్ళికి వచ్చి భోజనం మాత్రం చేసి పోయినట్టు. మొదటిసారి వస్తుంటే మధ్యలో ఏదో ఒక రాత్రి రండి, ద్రౌపది వస్త్రాపహరణం గానీ, కీచక వధ గానీ, అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోయే రాత్రి గానీ, కర్ణుడి రాత్రి గానీ. జనం తక్కువ ఉంటారు, ముందు వరుసలో చాప పరుచుకోవచ్చు, నటుడి చెమట కనపడేంత దగ్గర్లో కూర్చోవచ్చు. కళ ఉండేది ఆ రాత్రుల్లోనే, చివరి రోజుది భక్తి, జాతర, తోపులాట. రెండూ చూడాలంటే రెండు రోజులు లీవు పెట్టండి, అంతకన్నా షార్ట్‌కట్ లేదు.

ఏ రోజు ఏ ఘట్టం అనేది గుడి దగ్గర కొట్టే కరపత్రంలో ఉంటుంది. ఊరు ఊరికీ కొంచెం ముందూ వెనకా అవుతుంది, కాబట్టి పక్క ఊరి కరపత్రం చూసుకుని రావద్దు, ఒకాయన అట్లానే వచ్చి కర్ణ మోక్షం చూద్దామనుకుంటే సుభద్ర పెళ్ళి చూసి పోయాడు.

మధ్యాహ్నం హరికథకి కూడా జనం ఉంటారా?

ఉంటారు, ఎక్కువగా ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ. పందిట్లో ఇసుక మీద నీళ్ళు చల్లి ఉంటారు, విసనకర్రలు ఆడుతుంటాయి, ఒక పక్క నుంచి మజ్జిగ వస్తుంటుంది. భాగవతార్ పట్టుపంచె కట్టుకుని, మెళ్ళో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు, పక్కన హార్మోనియం, మృదంగం, అంతే సెటప్పు. ఆ ఒక్క మనిషే ధర్మరాజు, ఆయనే శకుని, ఆయనే ద్రౌపది, మధ్యలో ఆయనే మీ ఊరి ప్రెసిడెంటు మీద జోకు కూడా వేస్తాడు. పాచికలు విసిరేటప్పుడు చిడతలు చప్పుడు ఆపేసి రెండు క్షణాలు ఊరికే నిలబడతాడు చూడండి, పందిట్లో విసనకర్రలు కూడా ఆగిపోతాయి.

ఇంకో సంగతి, హరికథ చెప్పే ఆడవాళ్ళు మంచి మంచివాళ్ళు ఉన్నారు. ఇప్పటి హరికథ రూపానికి పితామహుడని పేరున్న ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) విజయనగరం వైపు ఆయన, ఆయన దారి సీమ దాకా వచ్చింది.

రాత్రి నాటకం అర్థం కావాలంటే మధ్యాహ్నం హరికథ వినండి. అదే కథ మామూలు మాటల్లో చెప్తారు, రాత్రికి పద్యాల్లో పడినప్పుడు మీకు దారి తెలిసి ఉంటుంది. మధ్యాహ్నం కథ, రాత్రి ఆట అని పెట్టింది అందుకేనేమో అని నాకు అనిపిస్తుంది.

రాత్రి నాటకం ఎన్నింటికి మొదలు? ఎన్నింటికి అయిపోతుంది?

పది అంటారు. పదిన్నరకి హార్మోనియం శ్రుతి చేస్తుంటారు. పదకొండుకి వినాయకుడి పాట. అసలు పాత్ర తెర వెనక నుంచి వచ్చేసరికి మీకు ఒక కునుకు అయి ఉంటుంది. ఇద్దరు మనుషులు గుడ్డ తెర పట్టుకుంటారు, దాని వెనక గజ్జెల చప్పుడు వినిపిస్తుంది, ముందు కిరీటం పైకొస తెర మీదుగా కనపడుతుంది, తర్వాత పాట ఎత్తుకుంటాడు, తాను ఎవరో ఎంతటివాడో తానే చెప్పుకుంటూ, చివరికి తెర లాగేస్తారు. ఒక్కో పెద్ద పాత్ర రావడానికే చాలా టైం పడుతుంది, అది లాగుడు అనుకునేవాళ్ళు ఆ రాత్రి తట్టుకోలేరు. అద్దం ముక్కలు పొదిగిన కిరీటాలు, భుజకీర్తులు లైటుకి మెరుస్తుంటే ఆ వేషంలో మనిషి రెండింతలు కనపడతాడు.

అయిపోయేది కోడి కూసే టైముకి. రెండు మూడు గంటల మధ్యలో ఊరంతా చాపల మీద పడి నిద్రపోతుంది, దాన్ని పూడ్చడానికే హాస్యగాడు ఉంటాడు. ఆయన జోకులు కొన్ని పిల్లల ముందు వినదగ్గవి కావు, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అనొద్దు.

టికెట్ ఎంత?

టికెట్టు లేదు. ఒక్కో రోజు ఖర్చు ఒక్కో కుటుంబమో కులమో వీధో పెట్టుకుంటుంది, దాన్ని ఉభయం అంటారు, పెట్టుకున్నవాళ్ళు ఉభయదారులు. తాతల కాలం నుంచి ఫలానా రాత్రి ఫలానా వాళ్ళదని ఉంటుంది, ఎక్కడో బెంగుళూరులో ఉద్యోగం చేసుకునేవాడు కూడా తన ఉభయం రోజుకి వచ్చి వాలతాడు. ఇది కాక చదివింపులు ఉంటాయి. పద్యం నచ్చితే పోయి నటుడి చేతిలో డబ్బు పెడితే నాటకం ఆపి, ఫలానా ఊరు ఫలానా వారు ఇంత చదివించారని అరిచి చెప్తారు. అభిమన్యుడు ప్రాణం విడిచే టైంలో కూడా చెప్తారు. నాకు చిన్నప్పుడు దాని మీద కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు, ఎందుకంటే ఆ కళాకారుల ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ చదివింపులు కూడా కావాలని తెలిసింది. మీరు కూడా ఊరికే చూసి పోకండి.

పద్యాలు అర్థం కావు, ఏం చేయాలి?

పదాలు పట్టుకోవద్దు, కథ మీకు ఎట్లాగూ తెలుసు. రాగం తీసేటప్పుడు పక్కనున్న ముసలాయన మొహం చూడండి, ఎక్కడ తల ఊపాలో ఆయనకి తెలుసు. పద్యం చివర ఆలాపన సాగదీస్తుంటే వన్స్ మోర్ అని అరుపులు వస్తాయి, నటుడికి ఓపిక ఉంటే మళ్ళీ పాడతాడు. పద్యానికీ పద్యానికీ మధ్య మామూలు మాటలే, అవి మన యాసలోనే ఉంటాయి, దుర్యోధనుడు కూడా "యాడికి పోతావు రా భీమా" అంటాడు.

ఆడ వేషాలు మగవాళ్ళే వేస్తారా?

ఒకప్పుడు అన్నీ మగవాళ్ళే. ఇప్పుడు ఆడవాళ్ళు కూడా చాలామంది వస్తున్నారు, కొన్ని సెట్లల్లో, అంటే నాటక బృందాల్లో, రెండు రకాలూ ఉంటారు. నేను చిన్నప్పుడు చూసిన ద్రౌపది మాత్రం మగాయనే. వస్త్రాపహరణం రాత్రి మా ఊర్లో కరెంటు పోయింది, సరిగ్గా చీర మీద చెయ్యి వేసిన టైముకి. ఎవరూ లేవలేదు. ఎవరో లాంతరు తెచ్చారు, ఇంకెవరో ట్రాక్టరు లైట్లు వేశారు, ఆ వెలుతురులో ఆయన మైకు లేకుండా గొంతెత్తి కృష్ణా అని పిలిచాడు, మా అవ్వ కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తూ ఉంది. తెల్లారి గుడి వెనక వేపచెట్టు కింద అదే మనిషి సగం రంగు తుడుచుకుని, రంగు కింద నుంచి గడ్డం మాసి కనపడుతుండగా, కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు, పక్కన దుశ్శాసనుడు ఆయన గజ్జెలు విప్పుతున్నాడు. నాకు నాటకం పిచ్చి పట్టింది ఆ పొద్దున్నే.

తపసు మాను అంటే ఏంటి? దగ్గరికి పోనిస్తారా?

అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన ఘట్టం. ఇది రాత్రి స్టేజి మీద కాదు, పగటిపూట బయలు ప్రదేశంలో. ఎత్తైన తాటి మాను పాతి, దానికి పొడుగునా మెట్లలాగా కర్రలు కొడతారు, పైన చిన్న మంచె. అర్జునుడి వేషం వేసిన ఆయన కింద పూజ చేసుకుని ఒక్కో మెట్టు ఎక్కుతూ, మెట్టుకో పద్యం పాడుతూ పైకి పోతాడు. ఎండ నెత్తి మీద ఉంటుంది, ఒంటి మీద వేషం బరువు, కింద వేల మంది. సినిమాల్లో లాగా తాడు కట్టుకోవడం ఎక్కడా చూడలేదు నేను. పైకి పోయాక అక్కడి నుంచి విభూతి, నిమ్మకాయలు, పండ్లు విసురుతాడు.

పిల్లలు లేని ఆడవాళ్ళు తానం చేసి తడి చీరలతో వచ్చి మాను చుట్టూ పడుకుంటారు, పైనుంచి పడిన నిమ్మకాయ దొరికితే సంతానం కలుగుతుందని నమ్మకం. నమ్మకం సంగతి మీ ఇష్టం, దాని మీద నేను వాదించను. ఒక్కటే అడుగుతా, వాళ్ళని ఫోన్‌తో తీయొద్దు. ఏడేళ్ళో పదేళ్ళో మనసులో మోసిన బాధతో ఒక మనిషి నేల మీద పడుకుని ఉంటే దాన్ని రీల్ చేసి పెట్టడం ఏం పద్ధతి? మాను మీద ఆయన్ని ఎంతసేపైనా తీసుకోండి.

బకాసుర వధకి పిల్లల్ని తీసుకురావచ్చా?

తప్పకుండా. పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది ఇదే. భీముడి వేషగాడు అన్నం, కూరలు, పిండివంటలు నింపిన బండి మీద కూర్చుని తింటూ వీధులన్నీ తిరుగుతాడు, ఇంటింటికీ బండి ఆగుతుంది, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి పెడతారు. పిల్లలు బండి వెనకాల పరుగెత్తుతారు, ఆయన మధ్యమధ్యలో గుడ్లురిమి ఒక వడ విసురుతాడు.

దుర్యోధన వధలో ఆ పెద్ద మట్టి బొమ్మ ఎందుకు?

పడిపోయిన దుర్యోధనుడు అది. కొన్ని రోజుల ముందు నుంచే మైదానంలో మట్టి తోలి, మనిషి వెల్లకిలా పడుకున్నట్టు బారుగా చేస్తారు, మీసాలు, కళ్ళు, కిరీటం అన్నీ రంగులు వేసి. చివరి రోజు పొద్దున రాత్రి నాటకం అక్కడి దాకా సాగి వస్తుంది, అంటే రాత్రంతా స్టేజి మీద కొట్టుకున్న భీముడూ దుర్యోధనుడూ పొద్దెక్కాక గదలు పట్టుకుని జనంలోకి దిగుతారు. దుర్యోధనుడు తన బొమ్మ మీదే ఎక్కి పరుగెత్తుతాడు, అటు తొడ మీద నుంచి ఇటు గుండె మీదకి, భీముడు కింద నుంచి తరుముతుంటాడు, ఇద్దరికీ నిద్ర లేదు, గొంతులు పోయి ఉంటాయి, అయినా తిట్లు ఆగవు. చివరికి తొడ మీద దెబ్బ పడుతుంది, అక్కడ పెట్టిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి, ద్రౌపది వచ్చి ఆ ఎరుపు జుట్టుకి రాసుకుని అన్నాళ్ళూ విరబోసుకున్న జడ ముడి వేసుకుంటుంది.

ఆ వెంటనే జనం బొమ్మ మీద పడతారు, పిడికెడు మట్టి ఇంటికి పట్టుకుపోవడానికి, గాదెలో వేస్తే గింజలు తరగవని, చేలో చల్లితే పంట బాగుంటుందని. అరగంటలో అంత పెద్ద మనిషి మాయం. చిన్నపిల్లలు ఉంటే ఆ తోపులాటకి ముందే పక్కకి వచ్చేయండి.

నిప్పుల గుండం నేను కూడా తొక్కొచ్చా?

వద్దు. కాపు కట్టుకుని, నియమం ఉండి, పసుపు బట్టలతో తానం చేసి వచ్చినవాళ్ళే తొక్కుతారు. పొద్దున్నుంచీ కట్టెలు కాల్చి, సాయంత్రానికి నిప్పులు సమంగా పరుస్తారు, పూల కరగం (పూలతో అలంకరించి నెత్తిన మోసే కలశం) ముందు నడుస్తుంది, వెనకాల వాళ్ళు. ఆగకుండా నడిచిపోతే మామూలుగా ఏమీ కాదంటారు, తడబడి పడితే చాలా అవుతుంది, కాలిన గాయాలు ప్రతి ఏడూ ఎక్కడో ఒక చోట వింటూనే ఉంటాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు తాడు ఇవతలే ఉండండి.

తెల్లవార్లూ మైకులు పెట్టనిస్తారా?

మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండగలకి ప్రభుత్వం సడలింపు ఇచ్చినా పన్నెండు దాకానే, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకూడదు. భారతమేమో 18 రోజులు, అదీ తెల్లవార్లూ! అందుకే కమిటీ వాళ్ళకి పర్మిషన్ల తిరుగుడు ఎక్కువ. ఇది వింటే మా వాళ్ళకి కోపం వస్తుందేమో గానీ, చెవులు పగిలే బాక్సులు తగ్గితే నాటకానికే మంచిదని నా అభిప్రాయం. పాతవాళ్ళు ఉత్త గొంతుతో చివరి చాప దాకా వినిపించేవాళ్ళు. ఇప్పుడు కీబోర్డు హోరులో పద్యం మునిగిపోతోంది.

తిరుపతి గంగజాతరా, ఇదీ ఒకటేనా?

కాదు. అది తాతయ్యగుంట గంగమ్మది, మే నెలలో వస్తుంది, వారం నడుస్తుంది. అక్కడ వేషాలు వేసేది నాటకం వాళ్ళు కాదు, ఊరి జనమే, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం. గంగమ్మ పాలెగాడి కోసం వేషాలు మార్చి వెతికిన కథ అది. వీలైతే ఒకే ట్రిప్పులో రెండూ చూడండి.

ద్రౌపదికి గుడి అనేది తమిళ ఆచారం కదా?

తమిళనాడులో చాలా ఎక్కువ, నిజమే, వాళ్ళ వీధి ఆట తెరుక్కూత్తుకీ మా వీధి నాటకానికీ చుట్టరికం కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. బెంగుళూరులో చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ కూడా ద్రౌపదిదే. సింగపూర్ మారియమ్మన్ గుళ్ళో కూడా నిప్పులు తొక్కుతారు. మాది మూడు రాష్ట్రాలు కలిసే చోటు, ఏది ఎవరిదని గీత గీయడం కష్టం. మా భీముడు తెలుగులో తిడతాడు, అది మాత్రం ఖాయం.

ఎక్కడ ఉండాలి, ఏం తెచ్చుకోవాలి?

పల్లెల్లో లాడ్జీలు ఉండవు, దగ్గర టౌన్లో రూము తీసుకోండి, లేకపోతే రాత్రికి చాప మీదే. దుప్పటి, నీళ్ళ సీసా, టార్చి, పగటికి టోపీ లేదా తుండు. మే నెలలో నలభై డిగ్రీలు మామూలే, పగలు తపసు మాను దగ్గర గంటలు గంటలు నిలబడాలంటే పొద్దున్నే ఏదో ఒకటి తిని రండి. అన్నదానం చాలా ఊళ్ళల్లో ఉంటుంది, మొహమాటపడకండి.

వాన పడితే నాటకం ఆపేస్తారా?

ఆపుతారు, తగ్గాక మళ్ళీ మొదలుపెడతారు. తడిసినందుకు తిట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు, విరాటపర్వం పని చేసిందని సంబరపడతారు.

చెప్పులు?

గుడి దగ్గర వదలొద్దు, సంచిలో పెట్టుకోండి. నేను మూడు జతలు పోగొట్టుకున్నా.